నోటి మాట కాదు, నోటీసు కావాలి

“ఒకసారి స్టేషన్‌కు వచ్చి పో, సీఐ గారు మాట్లాడాలంటున్నారు.” ఫోన్‌లో ఈ ఒక్క ముక్క వినపడితే చాలు, ఏ తప్పూ చేయని ఇంట్లో కూడా ఆ పూట పొయ్యి వెలగదు. కేసేమిటో తెలియదు. పిలిచింది సాక్షిగానో నిందితుడిగానో తెలియదు. వెళ్లిన మనిషి ఎప్పటికి తిరిగొస్తాడో చెప్పేవారుండరు. పోలీసుల ముందు మన హక్కులేమిటని అడిగితే చాలామంది మౌనంగా ఉండే హక్కు, లాయరును పెట్టుకునే హక్కు అని చెబుతారు. అవి ఉన్నాయి, అవసరమైనవే. అయితే మన చట్టాన్ని మొదటి నుంచి చివరి దాకా చూస్తే వాటన్నిటికీ ఆధారంగా నిలిచేది ఒకటి కనిపిస్తుంది: పోలీసు చేసే ప్రతి పనికీ కాగితం ఉండాలి. పిలిస్తే నోటీసు, అరెస్టు చేస్తే మెమో, వస్తువు తీసుకుంటే జాబితా. సామాన్యుడికి అన్యాయం జరిగేది ఎక్కువగా కాగితం లేని చోటే. అందుకే గొంతు పెంచకుండా కాగితం అడగడం మనమంతా అలవాటు చేసుకోవాలి.

పిలుపుతోనే మొదలుపెడదాం. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. దాని 179వ సెక్షన్ ప్రకారం, సాక్షిగా విచారించాలంటే దర్యాప్తు అధికారి రాతపూర్వకంగా పిలవాలి. ఆడవాళ్లను, 15 ఏళ్ల లోపు, 60 దాటిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు. వాళ్లుండే చోటికే అధికారి వెళ్లాలి. ఇక అనుమానితుడైతే, అరెస్టు అవసరం లేనప్పుడు 35(3) నోటీసు ఇవ్వాలి. ఇన్నాళ్లూ మనం 41ఏ నోటీసు అని పిలిచింది దీన్నే. ఏడేళ్ల వరకూ శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టులు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేశ్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. నోటీసు అందుకుని చెప్పిన రోజున హాజరవుతున్న మనిషిని అరెస్టు చేయాలంటే అధికారి కారణాలు రాసిపెట్టాలి. అంటే నోటీసు మనల్ని భయపెట్టే కాగితం కాదు, కాపాడే కాగితం. నోటి పిలుపు మీద వెళ్లినవాడు రాత్రంతా బల్ల మీద కూర్చున్నా, అతను అక్కడున్నట్టు ఏ రికార్డూ ఉండదు.

లోపల ప్రశ్నలు మొదలయ్యాక ఏం చేయాలో చెప్పిన తీర్పు ఒడిశా కేసులో వచ్చింది. అక్కడ ముఖ్యమంత్రిగా చేసిన నందినీ శతపథి మీద అవినీతి ఆరోపణలు వచ్చాయి. 1977లో పోలీసులు పిలిపించి, రాసి తెచ్చిన ప్రశ్నల జాబితా ముందుపెడితే ఆమె జవాబులివ్వనన్నారు. ఆ మరుసటి ఏడాది సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఆమె వైపు నిలిచింది. తనపై తానే సాక్ష్యం చెప్పుకోవాలని ఎవరినీ బలవంతపెట్టకూడదన్న రాజ్యాంగం 20(3) అధికరణ రక్షణ కోర్టు బోనులోనే కాదు, పోలీసు విచారణలోనూ ఉంటుందని, మహిళను స్టేషన్‌కు పిలవడమే తప్పని ఆ తీర్పు సారాంశం. తనను నేరంలో ఇరికించే ప్రశ్నకు తప్ప మిగతా వాటికి నిజం చెప్పాల్సిందే. కానీ దర్యాప్తులో ఇచ్చే వాంగ్మూలం మీద సంతకం పెట్టాల్సిన పని లేదు. రైటర్ రెండు పేజీలు రాసి, అడుగున ఇంటూ గుర్తు పెట్టి, పెన్ను చేతికిస్తే చాలామంది చదవకుండానే సంతకం చేసేస్తారు. చట్టమేమో ఆ సంతకం తీసుకోవద్దంటోంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు కూడా. అరెస్టయినవాడు విచారణ సమయంలో తన లాయరును కలవొచ్చు. విచారణ జరిగినంతసేపూ లాయరు పక్కనే ఉండే వీలు మాత్రం లేదు.

అరెస్టు నియమాల వెనుక ఒక ఉత్తరం ఉంది. లాకప్ మరణాల వార్తలు చూసి కలతపడ్డ డి.కె.బసు, పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సంస్థ తరఫున 1986లో సుప్రీంకోర్టుకు లేఖ రాశారు. దాన్నే పిటిషన్‌గా తీసుకున్న కోర్టు పదేళ్లకు, 1996 డిసెంబరులో, పదకొండు ఆదేశాలిచ్చింది. అవే తర్వాత చట్టంలోకి ఎక్కాయి. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనపడాలి. అక్కడికక్కడే మెమో రాసి, కుటుంబ సభ్యుడో ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. బంధువుకో స్నేహితుడికో కబురందాలి. వైద్య పరీక్ష జరగాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అసాధారణ పరిస్థితి ఉండి, మహిళా అధికారి మేజిస్ట్రేటు నుంచి ముందస్తు అనుమతి తీసుకుంటే తప్ప, పొద్దుగూకాక తెల్లారేలోపు మహిళను అరెస్టు చేయకూడదు. అరెస్టు కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో తేల్చింది. సూరత్‌లోనో చెన్నైలోనో పని చేసుకుంటున్న తెలుగు కూలీ అక్కడ అరెస్టయితే, తనను ఎందుకు పట్టుకున్నారో తెలుగులో అడిగే వీలు దీనివల్ల కలిగింది.

రోడ్డు మీద ఆపినప్పుడు సంగతి కాస్త వేరు. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే డ్రైవింగ్ లైసెన్సు చూపాలి. డిజిలాకర్‌లో ఉన్నదీ చెల్లుతుంది. శాంతిభద్రతల కోసం చేసే చట్టబద్ధమైన సూచనలను పాటించాలి, అక్కడ వాదన పెంచుకోవద్దు. అలాగని ఆపడమనేది జేబులోని జీవితమంతా తెరిచి చూసే అధికారం కాదు. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అన్న పదం కోసం వెతకడం దేశమంతా చర్చకు వచ్చింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 2017లోనే చెప్పారు. సోదా చేస్తే, ఏదైనా స్వాధీనం చేసుకుంటే ఆ తంతునంతా వీడియో తీయాలని, జాబితా రాయాలని కొత్త సంహిత 105వ సెక్షన్ అంటోంది. దారిన పోయేవాడి ఫోన్ లాక్కుని చూడటంలో ఆ జాబితా ఎక్కడ, ఆ వీడియో ఎక్కడ?

“ఇవన్నీ పుస్తకాల్లో బాగానే ఉంటాయి, స్టేషన్‌లో సెక్షన్లు మాట్లాడితే ఇంకో నాలుగు తగులుతాయి” అంటారు. ఆ భయానికి కారణాలున్నాయి, కొట్టిపారేయలేం. అందుకే సెక్షన్లు వల్లించమనడం లేదు. “తప్పకుండా వస్తాను సార్, నోటీసు ఇప్పించండి” అనడంలో ధిక్కారం లేదు. ఇవ్వకపోతే ఎవరు, ఎప్పుడు, ఏ నంబరు నుంచి పిలిచారో రాసుకుని, ఇంట్లో చెప్పి, తోడు ఒకరిని తీసుకుని వెళ్లండి. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. తర్వాత ఎస్పీకో మేజిస్ట్రేటుకో ఫిర్యాదు చేసి, ఆ రికార్డింగు చూడమని అడగాలంటే మీరు రాసుకున్న ఆ తేదీ, సమయమే ఆధారమవుతాయి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవల సంస్థ నంబరు 15100 ఉంది. “తప్పు చేయనివాడికి భయమెందుకు” అనేవారూ ఉన్నారు. విజయవాడ దగ్గర 2007లో జరిగిన ఓ విద్యార్థిని హత్య కేసులో అరెస్టయిన యువకుణ్ని హైకోర్టు 2017లో నిర్దోషిగా తేల్చింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. దర్యాప్తు పద్ధతి తప్పితే నిర్దోషి జీవితం కరిగిపోతుంది, అసలు నేరస్థుడు బయటే ఉంటాడు. నియమాలు నేరస్థులకు కొమ్ముకాస్తాయన్న మాటకూ జవాబు ఇదే. రాతలో నిలిచిన దర్యాప్తే కోర్టులో నిలుస్తుంది. అది నిజాయతీగా పనిచేసే ఎస్సైకీ రక్షణే.

కాగితం అడిగే అలవాటు లేకపోవడం వల్ల మరో నష్టమూ వచ్చిపడింది. “డిజిటల్ అరెస్టు” పేరుతో వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా చూపించి, చదువుకున్నవాళ్ల నుంచి సైతం జీవితకాలం దాచుకున్న సొమ్ము లాగేస్తున్నారు. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. 35వ సెక్షన్ నోటీసును కూడా వాట్సాప్‌లో పంపకూడదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అలాంటి కాల్ వస్తే పెట్టేసి సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి. అసలు పోలీసు ఎలా పిలవాలో తెలిసినవాడు నకిలీ పోలీసుకు లొంగడు. ఈ నాలుగు విషయాలూ మన పదో తరగతి పిల్లలకు పాఠంగా చెప్పాలి, ప్రతి స్టేషన్ గోడ మీద తెలుగులో రాసి ఉంచాలి. చదువు, పలుకుబడి ఉన్నవాళ్లు అడగడం మొదలుపెడితే ఇవ్వడం స్టేషన్‌కు అలవాటవుతుంది. ఆ అలవాటే రేపు అడగడం చేతకాని కూలీని కాపాడుతుంది. కాబట్టి నోటీసు అడగడం మన క్షేమం కోసమే కాదు, మన తర్వాత ఆ గుమ్మం తొక్కే బీదవాడి కోసం కూడా.