అంకె చెప్పిందల్లా నిజమేనా?

ఖరగ్‌పూర్‌లోని న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో తెలుగు మాట వినబడుతుంది. బతుకుతెరువుగా రైల్వే పనిని ఎంచుకొని వచ్చిన కుటుంబాలవి. కాలుతున్న ఉక్కు రంగును చూసి వేడిని అంచనా కట్టడం పాతతరం కమ్మరుల విద్య. నేడు కార్ఖానా కొలుములలో ఆ పని డిజిటల్ ఉష్ణోగ్రతా నియంత్రకానిది.

దాని అంకె తప్పుగా తోచగానే మనం యంత్రాన్ని నిందిస్తాము. కాని దోషం తరచుగా వేడిని పసిగట్టే థర్మోకపుల్‌లోనో, దాని తీగలలోనో ఉంటుంది. పరీక్ష సులభమే. విద్యుత్తు ఆపి, థర్మోకపుల్ తీగలను విప్పి, ఆ రెండు టెర్మినళ్లను చిన్న రాగితీగతో కలపాలి. హీటరుకు కాక, నియంత్రకానికి మాత్రమే విద్యుత్తు ఇవ్వాలి. ఇంచుమించు గది ఉష్ణోగ్రత కనబడితే యంత్రం చాలావరకు నిర్దోషి.

ఇక తీగలను చూడాలి. వేడి పెరిగేకొద్దీ అంకె తగ్గుతున్నదా? ధన, ఋణ తీగలు తారుమారైనట్లే. ‘కె’ రకపు థర్మోకపుల్ ఉండగా నియంత్రకంలో ‘జె’ అని అమర్చితే మరింత ముప్పు. 800 డిగ్రీల కొలిమి సుమారు 600గా కనబడుతుంది; హీటరు ఇంకా మండుతూనే ఉంటుంది. అతిగా కాలిన ఉక్కు పెళుసుబారుతుంది. అటువంటి భాగం రైలుపెట్టె కింద చేరితే ప్రాణాలకే ప్రమాదం.

600 డిగ్రీల ఉక్కు మసకగా ఎర్రబారుతుంది. 800 వద్ద జేగీయమానంగా వెలుగుతుంది. అంకెతో పాటు ఆ రంగునూ చూడగల కన్ను నేటికీ అవసరమే.