తుక్కులో దొరికిన రైలు

ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియానికి 1971 అక్టోబరు 7న శంకుస్థాపన చేసింది మన వి.వి.గిరి. అప్పుడాయన రాష్ట్రపతి. రైల్వేతో ఆయనకున్న లెక్క మాత్రం పాతది: 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెను నడిపించిన నాయకుడాయన. రైళ్లు ఆపించిన చేతితోనే రైల్వేవాళ్లు పునాదిరాయి వేయించుకున్నారన్నమాట!

మ్యూజియం తలుపులు తెరుచుకున్నది 1977 ఫిబ్రవరి 1న. దీని కోసం పట్టువదలకుండా తిరిగినవారిలో ముఖ్యుడు మైక్ సాటో అనే ఇంగ్లీషాయన. ఉద్యోగం కోసం ఇండియా వచ్చాడు, ఆవిరి ఇంజన్ల పిచ్చి మాత్రం సొంతం. 1962లో పటియాలాలో తుక్కు సామాను మధ్య ఆయన కంటపడింది ఓ వింత రైలు.

అది పటియాలా సంస్థానపు మోనోరైలు. 1907లో మొదలై 1927లో మూతపడింది. రోడ్డు అంచున ఒకటే పట్టా. పెట్టె బరువులో చాలా భాగం ఆ పట్టా మీది చిన్న చక్రాల మీదే. పక్కకు చాచిన పెద్ద చక్రమొకటి రోడ్డు మీద దొర్లుతూ పెట్టె ఒరిగిపోకుండా కాస్తుంది. సైన్యం కోసం మహారాజు మేపుతున్న కంచరగాడిదలకు పెట్టెలు లాగే పని చూపించడం కూడా ఈ ఏర్పాటులో భాగమే. తర్వాత బెర్లిన్ నుంచి నాలుగు ఆవిరి ఇంజన్లు తెప్పించారు. వాటిలో ఒకదాన్ని అమృతసర్ రైల్వే వర్క్‌షాపులో బాగుచేసి మ్యూజియంలో పెట్టారు. నన్నడిగితే ఢిల్లీ వెళ్లి చూడాల్సింది మొదట దీన్నే.

పేరు మాత్రం ఫెయిరీ క్వీన్‌దే. 1855లో లీడ్స్‌లో తయారై, 1909లో పని మానేసి, ఏళ్ల తరబడి హౌరా స్టేషను బయట దిమ్మె మీద బొమ్మలా నిలబడ్డ ఇంజను. 1997లో మళ్లీ ఆవిరి పట్టి ఆళ్వార్ దాకా టూరిస్టులను లాగింది. మరుసటి ఏడాది గిన్నిస్ పుస్తకంలోకెక్కింది.

1894లో మెయిలు రైలును ఢీకొన్న ఏనుగు పుర్రె కూడా ఇక్కడుంది. ఆ రైలూ బెంగాల్ నాగపూర్ రైల్వేదే!

ఇంజన్ల ముందు ఫొటోలు దిగేవాళ్లకు కొదవలేదు, వాటి కాగితాలే ఎవరికీ పట్టవు. డ్రాయింగు లేకుండా పాత ఇంజనును విప్పితే మళ్లీ బిగించడం దైవాధీనం. ఇంగ్లండులోని యార్క్ రైల్వే మ్యూజియం ఈ విషయంలో ముందుచూపున్నది. పది లక్షలకు పైగా ఇంజనీరింగ్ డ్రాయింగులు దాచింది, 2008లో వాటికోసం లైబ్రరీ కూడా తెరిచింది.

మళ్లీ ఢిల్లీకొస్తే, ఆ మ్యూజియంలో కొలిమి లేని ఇంజనొకటుంది, సింద్రీ ఎరువుల కర్మాగారంలో పనిచేసినది. నిప్పురవ్వ పడితే ప్రమాదమైన చోట్లకు ఇలాంటివి వాడతారు. బయటి బాయిలరు నుంచి, ఫ్లాస్కులో కాఫీ పోయించుకున్నట్టు, ఆవిరి నింపుకుని అయిపోయేదాకా తిరుగుతుంది.

నిప్పు మాట వచ్చింది కనుక, అక్కడి ఫైరింజను మన హైదరాబాదుదే. 1914లో ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో జాన్ మారిస్ కంపెనీ తయారుచేస్తే నిజాం రైల్వే కొన్నది. రిటైరయ్యాక కూడా ఢిల్లీ పాత కార్ల ర్యాలీల్లో కుర్ర బళ్లతో పాటు రోడ్డెక్కింది.