మొక్కజొన్న పొత్తు - వాన, యెండ, చలి

పొత్తు వలిచినప్పుడు నడుమ నడుమ గింజలు లేక బోసిగా నుండుట మీరు చూచియే యుందురు. విత్తనము మంచిది గాదని మన మనుకొందుము. పెక్కుమారులు అది విత్తనపు దోషము గాదు; వాతావరణపు దోషము.

మొక్కజొన్నకు మగపూత కొనయందును, ఆడుపూత కాండము ప్రక్కనను నుండును. పొత్తు కొనను వ్రేలాడు పీచులో ఒక్కొక్క పోగు ఒక్కొక్క గింజకు సంబంధించినది. పుప్పొడి ఆ పోగుపై బడినగాని గింజ కట్టదు. ఆ దినములలో నీరు చాలకున్న పీచు ఆలస్యముగ వెలువడును. ఎండ మిక్కుటమైన పుప్పొడి చచ్చును. నూఱు దినములకు పైబడిన పైరు భాగ్యమంతయు పూతవేళనుండు రెండు మూడు వారములపై ఆధారపడియున్నది.

తెలంగాణమున కరీంనగరము, వరంగల్లు, మహబూబునగరము ప్రాంతములందు దీనిని మక్కజొన్న యందురు. జూన్, జూలై నెలలలో వానపై విత్తుదురు. ఆగస్టులో పూతవేళ వాన వెనుదీసినచో ఎఱ్ఱచెలకల తేమ త్వరగా ఇంకిపోవును. 2015వ సంవత్సరపు అనావృష్టి అచటి మెట్టరైతులను మిగుల క్రుంగదీసినది. అతివృష్టియు మేలు గాదు. నీరు నిలిచిన చేలలో వేళ్లకు గాలి యందక మొక్కలు పసుపువన్నె కెక్కును.

కృష్ణా, గుంటూరు, పశ్చిమగోదావరి మండలముల రీతి వేఱు. అచట వరి కోసిన పిమ్మట దుక్కి దున్నకయే, నేలలో మిగిలిన తేమయందు విత్తి, తరువాత నీరు పెట్టుదురు. శీతకాలమున పగలు నిర్మలమగు ఎండ, రాత్రి చల్లదనము. చల్లని రాత్రులలో మొక్క తాను కూర్చుకొన్న ఆహారమును తక్కువగా ఖర్చుచేయును. గింజ నిదానముగ పాలుపోసికొని బరువెక్కును. అందుచే ఎకరపు దిగుబడి వానాధారపు పంటకంటె చాల హెచ్చు. అయినను తుపానుల భయము తప్పదు. 2023 డిసెంబరు 5న బాపట్ల చెంత తీరము దాటిన మిచౌంగ్ తుపాను కోతకు వచ్చిన వరిని ముంచినది. వరి ఆలస్యమైన మొక్కజొన్నయు ఆలస్యమగును. పూత మార్చి యెండలకు చిక్కును.

విత్తనములకు, ఎరువులకు పెట్టిన సొమ్ము రెండుచోట్లను ముందే ఖర్చయిపోవును. పంట తప్పిన యేట ఆ లోటు పూడ్చుటకు చేనిలో కలుపు తీసిన ఇల్లాలి నగయే తాకట్టుకు పోవుట కలదు.

ఇక గృహిణులు గమనింపవలసినది. వానకాలపు పంట కోతవేళ తడియుట సాధారణము. గింజలో తేమ నూటికి 14 పాళ్లకు మించినచో నిలువలో బూజు పట్టును. ఆ బూజువలన అఫ్లటాక్సిన్ అను విషము పుట్టవచ్చును. వండినంత మాత్రమున అది పోదు. అట్టి గింజను పశువునకు పెట్టిన విషము పాలలోనికిని దిగును. కావున గింజలను బాగుగ నెండబెట్టి, కొఱికిన పటుక్కుమని విఱిగినప్పుడే గాదెలకెత్తుడు. బూజు వాసన గల గింజను బిడ్డలకుగాని పాడియావుకుగాని పెట్టక పాఱవేయుడు.