అద్దె కారు బిల్లు: ముందు చెప్పని ఖర్చులు

నరసన్నపేట నుంచి అరసవల్లి, శ్రీకూర్మం వెళ్లి రావడానికి మీరు కారు మాట్లాడుకున్నారు. కిలోమీటరుకు 14 రూపాయలు అన్నారనుకుందాం. రానుపోను 100 కిలోమీటర్లు కూడా ఉండదు కాబట్టి 1,400 లోపే అవుతుందని మీ అంచనా. తీరా బిల్లు 3,500! కూడికలో తప్పేమీ లేదు. రోజుకు కనీసం 250 కిలోమీటర్లకు చెల్లించాలన్న షరతు మీకు చెప్పలేదు, అంతే. చెప్పని ఖర్చుల్లో సాధారణంగా పెద్దది ఇదే. దూరాన్ని మీ ఇంటి నుంచి లెక్కిస్తారా, కారు షెడ్డు నుంచా అన్నదీ ముందే అడగండి.

డ్రైవరు బత్తా, రాత్రి చార్జీ, పార్కింగు సరేసరి. టోల్ విషయం మాత్రం గమనించండి. మడపాం ప్లాజా దాటి 24 గంటల్లో తిరిగివస్తే రెండు వైపులకూ కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లే పడుతుంది. రెండింతలు అడిగితే ఫాస్టాగ్ సందేశం చూపించమనండి. పాతపట్నం దాటి పర్లాకిమిడి వెళ్తే ఒడిశా పర్మిట్ పన్ను ఎవరిదో తేల్చుకోండి.

ఈ షరతులన్నీ వాట్సాప్‌లో రాయించుకోండి, మొహమాటపడకండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. 1915కు ఫోన్ చేయవచ్చు. మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు.