పూత అమ్మి సముద్రానికా?

జనవరి నెల వచ్చిందంటే మైలవరం, నూజివీడు ప్రాంతాల్లో మామిడి తోటలు పూతతో కళకళలాడతాయి. పూతతోపాటే వ్యాపారులూ వస్తారు. చెట్లను ఎగాదిగా చూసి, కాయ ఇంకా కంటికి కనబడక ముందే పంటకు ధర కట్టి, అడ్వాన్సు చేతిలో పెట్టి వెళతారు. ఆ రోజుల్లోనే ఒక శుక్రవారం జుమా నమాజ్ ముగిశాక, మా ఊరి యువకుడు ఒకరు నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు.

“మౌల్వీ సాబ్, మా ఆఫీసువాళ్లు సెలవులకు మారిషస్ వెళుతున్నారు. సముద్రం ఒడ్డున ఉంటారట, గోల్ఫ్ ఆడతారట. నేను అబ్బానూ, అమ్మీనీ కూడా తీసుకుపోదామనుకుంటున్నాను. నా దగ్గర సగం డబ్బు ఉంది. మిగతాది తోట మీద అడ్వాన్సు తీసుకుందామని అబ్బా అంటున్నారు. ఇది జాయెజేనా?” అని అడిగాడు.

ఈ ప్రశ్న ఇవాళ ఒక్క ఇంటిది కాదు. పిల్లలు సంపాదిస్తున్నారు, తల్లిదండ్రులను తిప్పాలని ముచ్చట పడుతున్నారు. కనుక అతనికి చెప్పిన మాటలే పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాను.

మొదట ప్రయాణం సంగతి. ఇస్లాం మనిషిని ఇంట్లో కూర్చోబెట్టే ధర్మం కాదు. భూమి మీద సంచరించి సృష్టిని పరిశీలించమని దివ్యఖురాన్ పలుచోట్ల ఆదేశిస్తున్నది. సముద్రాన్నీ, దానిమీద సాగే ఓడలనూ అల్లాహ్ సూచనలుగా పేర్కొంటున్నది. సంకల్పం మంచిదైతే విహారం కూడా పుణ్యంలో చేరుతుంది.

ఇక మారిషస్ మనకు పరాయి దీవి ఏమీ కాదు. 1834 నుంచి చెరకు తోటల్లో పనికి మన దేశంనుంచి లక్షలాది మంది అక్కడకు వెళ్లారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కిన తెలుగువారికి అక్కడ ‘కోరంగీలు’ అన్న పేరే నిలిచిపోయింది. వలస కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన తాతల కాలంనాటి వాళ్లు చెమటోడ్చిన నేలమీదకు మనం విహారానికి పోతున్నామన్న స్పృహ ఉండాలి. నేడు ఆ దేశంలో ఉగాదికీ, ఈదుల్ ఫిత్ర్‌కూ కూడా ప్రభుత్వ సెలవు. జనాభాలో ఇంచుమించు ఆరింట ఒక వంతు ముస్లింలు. రాజధాని పోర్ట్ లూయీలో 1850ల నాటి జామె మస్జిద్ ఉన్నది. హలాల్ భోజనానికి ఇబ్బంది లేదు.

అక్కడ జనవరి నుంచి మార్చి దాకా తుఫానుల బెడద ఎక్కువ. మే నుంచి అక్టోబరు వరకు చల్లగా, హాయిగా ఉంటుంది. మే నెలలో మన రైతు తోట విడిచి కదలలేడు గదా! కాబట్టి పంట డబ్బు చేతికి అందాక, పిల్లలకు దసరా సెలవులు ఇచ్చినప్పుడు వెళ్లడమే అన్నివిధాలా అనుకూలం. భారతీయులు విహారానికి వెళితే ముందుగా వీసా తీసుకోనక్కర లేదు. తిరుగు టికెట్టు, బస ఏర్పాటు, ఖర్చులకు సరిపడే డబ్బు చూపాలి.

నమాజ్ సంగతి ముందే ఆలోచించుకోవాలి. ఇక్కడ మనం పడమరకు తిరిగి నమాజ్ చేస్తాం. అలవాటు కొద్దీ అక్కడా పడమరకే నిలబడితే పొరపాటు. మారిషస్ నుంచి ఖిబ్లా ఉత్తరం వైపు, కొంచెం పడమరకు వాలి ఉంటుంది. హనఫీ మస్లక్ ప్రకారం సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణం చేసి, పదిహేను రోజులకన్నా తక్కువ ఉండదలచినవారు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేయాలి. ఫజర్, మగ్రిబ్ యథాతథం. ఇది ప్రయాణికుడికి అల్లాహ్ ఇచ్చిన కానుక.

సముద్రతీరంలో హయా కాపాడుకోవాలి. హోటళ్ల ముందరి తీరాలకన్నా, స్థానిక కుటుంబాలు ఆదివారాలు అన్నం మూటలతో వచ్చి కూర్చునే ఫ్లిక్ అన్ ఫ్లాక్, బెల్ మార్ వంటి తీరాలు మనకు నయం. మన కోస్తాలో మాదిరే అక్కడా సరుగుడు చెట్ల నీడ ఉంటుంది.

గోల్ఫ్ ఆట హరామా అని కూడా అడిగాడు. ఆట స్వతహాగా తప్పు కాదు. దైవప్రవక్త (స) విలువిద్యనూ, గుర్రపు స్వారీనీ ప్రోత్సహించారు. హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెంలో పాల్గొన్నారు. గోల్ఫ్ మన హైదరాబాదులో గోల్కొండ నయాఖిలా దగ్గరా, విశాఖలోనూ ఆడుతూనే ఉన్నారు. మారిషస్ తూర్పు తీరాన ఇల్ ఓ సెర్ఫ్ అనే చిన్న దీవిలో, పడవ మీద వెళ్లి ఆడే పద్దెనిమిది గుంటల మైదానం ఉన్నది. అయితే పద్దెనిమిది గుంటలూ ఆడటానికి నాలుగు గంటలకు పైగా పడుతుంది. ఫజర్ చేసుకొని మొదలుపెడితే జుహర్‌కు ముందే ముగుస్తుంది. మధ్యాహ్నం మొదలుపెడితే అసర్‌కు ముప్పు. గుంటకింత అని పందెం కాస్తే అది జూదం. ఆట ముగిశాక చేరే మద్యశాలను ఆటగాళ్లు సరదాగా ‘పంతొమ్మిదో గుంట’ అంటారు. విశ్వాసి పద్దెనిమిదితోనే ఆగాలి.

ఇక అసలు విషయం డబ్బు. పక్వానికి వస్తున్న ఆనవాలు కనిపించక ముందు పండ్లను అమ్మవద్దని దైవప్రవక్త (స) వారించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఈ మాట ఉన్నది. అల్లాహ్ ఆ ఫలాన్ని ఆపివేస్తే సోదరుడి సొమ్ము ఏ హక్కుతో తింటావన్నది దాని సారాంశం. రాబోయే కొన్నేళ్ల కాపును ఒకేసారి అమ్మడాన్ని కూడా ఆయన నిషేధించారు. ఇందులోని న్యాయం మామిడి రైతుకు ఒకరు చెప్పనక్కర లేదు. పూతంతా కాయ కాదు. మంచు పడితే పూత మాడుతుంది. తేనెమంచు పురుగు రసం పీల్చేస్తుంది. బూడిద తెగులు వస్తుంది. అన్నీ తప్పించుకున్న కాయను ఏప్రిల్ గాలిదుమారం రాల్చేస్తుంది. కాపు పోతే వ్యాపారి అడ్వాన్సు వెనక్కి ఇమ్మని గుమ్మంలో కూర్చుంటాడు. కాపు విరగకాస్తే రైతు గుండె బాదుకుంటాడు. ఒకరి నష్టం మీదనే మరొకరి లాభం. ఇంకా పుట్టని కాయను అమ్మిన సొమ్ముతో సముద్రం ఒడ్డున కూర్చుంటే, మనసు అలల మీద ఉండదు, తోటలోనే ఉంటుంది.

“బేటా, కాయ ఎదిగాక అమ్మండి. ఉష్ర్ తీయండి. వర్షాధారమైతే పదో వంతు, నీరు పెట్టి పండిస్తే ఇరవయ్యో వంతు. అప్పులుంటే తీర్చండి. హజ్ ఫర్జ్ అయి ఉంటే ఆ బాకీ ముందు. ఆపైన మిగిలినదానితో దర్జాగా వెళ్లి రండి. ఇంతకూ మీ అమ్మీ ఏమన్నారు?” అని అడిగాను.

అతను తలవంచుకున్నాడు. అమ్మీని ఎవరూ అడగలేదు!

మరుసటి శుక్రవారం మళ్లీ వచ్చాడు. ఆమె అన్న మాట విని నాకూ కళ్లు చెమర్చాయి. “విమానం ఎందుకు బేటా? నేను బందరు సముద్రమే చూడలేదు.” నలభై ఏళ్లుగా తోటకు అన్నం మోసిన తల్లి! మైలవరం నుంచి బందరు దాదాపు వంద కిలోమీటర్లు. గోల్కొండ సుల్తానుల కాలంలో హాజీలు ఓడ ఎక్కిన రేవు అది. అంత దగ్గరి సముద్రాన్ని ఆమెకు చూపించాలని భర్తకూ తోచలేదు, కొడుకుకూ తోచలేదు. మన ఇళ్లలో ఇలాంటి తల్లులు ఎందరున్నారో!

వ్యాపారికి అడ్వాన్సు వద్దని చెప్పేశారు. ఒక ఆదివారం ముగ్గురూ మంగినపూడి వెళ్లారు. ఆమె చెప్పులు విడిచి, మడమల లోతు నీళ్లలో చాలాసేపు మాట్లాడకుండా నిలబడిందట. తర్వాత నీడన చాప పరచుకొని జుహర్ రెండు రకాతులు చేసుకున్నదట. మారిషస్ సంగతి కాపు చేతికి వచ్చాక చూద్దామనుకున్నారు.

ప్రయాణానికి పెట్టె సర్దుకునే ముందు ప్రతి ఇంట్లో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ డబ్బు హలాలేనా? ఇంటి ఆడవాళ్లను అడిగామా? ఈ రెంటికీ నిజాయితీగా జవాబు చెప్పగలిగితే బందరైనా మారిషస్ అయినా శుభప్రయాణమే. అల్లాహ్ మన సంపాదనలో బర్కత్‌నూ, మన ప్రయాణాలలో క్షేమాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.