స్నేహమనగా నూనె

నరకచతుర్దశినాటి తెల్లవారుజామున మా యింట అందరికంటె ముందు మేల్కొనునది మా అమ్మ. ఇత్తడి గిన్నెలో నువ్వులనూనె పోసి, ఆ గిన్నెను వేడినీటిలో నిలిపి గోరువెచ్చన చేసి, పిల్లలమైదుగురిని వరుసగా పీటలపై కూర్చుండబెట్టెడిది. మాడుపై నూనె పెట్టి అరచేత తట్టుచు, నూరేండ్లు బ్రదుకుమని దీవించెడిది. మెడ, వీపు, చేతులు, కాళ్లు, తుదకు కాలివ్రేళ్ల నడిమి సందులు కూడ ఆమె చేతిని తప్పించుకొనెడివి కావు. కుంకుడురసము కండ్లలో పడినదని మేము చేసిన గోల నాకు నేటికిని జ్ఞాపకమున్నది. ఆ చేతులు ఎంత అలసినవో అడిగిన జ్ఞాపకము మాత్రము లేదు. మా తలంటి ముగిసిన పిమ్మట ఆమె గిన్నెలో మిగిలిన నూనెను తన తలకు తానే రాచుకొని, గబగబ స్నానము చేసి, వంటయింటికి పోయెడిది.

తెలుగు పాఠము చెప్పి బ్రదుకువాడను గనుక మాటలతోనే మొదలు పెట్టుదును. సంస్కృతమున నువ్వు తిలము. తిలమునుండి పుట్టినది తైలము. తెలుగున నువ్వును, నెయ్యియు కలిసి నూనె అయినది. నేడు మనము కొబ్బరినూనె, ఆముదపునూనె అనుచున్నను, ఆ మాటలో నువ్వుగింజ దాగియే యున్నది. ఆయుర్వేదమున నూనె, నెయ్యి మొదలగు జిడ్డుపదార్థములకు స్నేహమని పేరు. చెలిమికిని, ప్రేమకును అదియే పేరు. తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు విద్యార్థులు నవ్వుదురు. నేనును చాలకాలము దానిని ఒక శ్లేషగానే చెప్పి, నవ్వించి, ముందునకు సాగితిని.

మన వైద్యులు అభ్యంగనమును పండుగ ముచ్చటగా గాక దినచర్యగా విధించిరి. నూనె పట్టిన కుండ, నూనె పట్టిన తోలు, కందెన వేసిన బండియిరుసు ఎట్లు గట్టిపడి చిరకాలము మన్నునో, అభ్యంగనముచే శరీరమును అట్లే మన్నునని చరకసంహిత చెప్పుచున్నది. ప్రతిదినము ఒడలెల్ల నూనె అంటుకొనుట కుదిరినను కుదరకున్నను తలను, చెవులను, పాదములను మరువరాదని వాగ్భటుని మతము. కఫము హెచ్చినవారికిని, అజీర్ణముతో నున్నవారికిని, అప్పుడే శోధనచికిత్స చేయించుకొన్నవారికిని అది కూడదనియు ఆయనయే హెచ్చరించెను.

రాజులు సైతము దీనిని మానలేదు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్, శ్రీకృష్ణదేవరాయల ప్రాతఃకాలమును వర్ణించి యున్నాడు. రాయలు తెల్లవారకమునుపే నువ్వులనూనె త్రావి, ఒడలెల్ల అదే నూనె పూసికొని, బరువులెత్తి, కత్తిసాము చేసి, ఆ నూనె చెమటగా కారిపోవువరకు విడువడట. ఆముక్తమాల్యదను రచించిన చేయి అట్లు నూనెతో సాధన చేసిన చేయి.

ఐతే ఈ విద్య నెరిగిన చేతులకు మనము తగిన గౌరవమిచ్చితిమా? ఒడలు పట్టుటకు సంవాహనమని పేరు. అరువది నాలుగు కళలలో అదియు నొకటి. శూద్రకుని మృచ్ఛకటికమున ఒక సంవాహకుడే పాత్రయై యున్నాడు. జూదమున అప్పులపాలై, వసంతసేన దయచే విడివడి, భిక్షువై, కడపట ఆమె ప్రాణమునే కాపాడును. పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మద్ 1814లో ఇంగ్లండునందలి బ్రైటనులో స్నానశాల నెలకొల్పి, ఈ విద్యచేతనే ఇద్దరు రాజుల కొలువు సంపాదించెను. ఒత్తుట, పిసుకుట అను అర్థముగల హిందీమాట ఇంగ్లీషున షాంపూ అయి, నేడు సీసాలో మన స్నానపుగదికి తిరిగి వచ్చినది. మన పల్లెలలో పసిపిల్లలకు నూనె రాచి నీళ్లు పోసిన మంత్రసానులకును, పెద్దలకు ఒడలు పట్టిన మంగలివారికిని దక్కినది మాత్రము కొలత గింజలును, క్రింది పీటయును.

ఆ తప్పులో నాకును పాలున్నది. మా అమ్మకు ఎనుబదియేండ్లు దాటిన పిదప ఆమె గదిలో పంకా అమర్చితిని. మెత్తని పరుపు వేయించితిని. మందులు వేళకు అందునట్లు చూచితిని. ఒకనాటి రాత్రి మందు ఇచ్చి వెనుదిరుగుచుండగా ఆమె అన్నది: "నాయనా, కాస్త కాళ్లు పట్టుతావా?"

కూర్చుంటిని గాని ఎట్లు పట్టవలెనో తెలియలేదు. బలముగా ఒత్తినచో మేలు కలుగునని తలచి పిక్కముందరి ఎముకపై బ్రొటనవ్రేలు నొక్కితిని. ఆమె కాలు ముడుచుకొని నవ్వినది. "ఎముక మీద కాదురా, కండ మీద. నెమ్మదిగా. తొందరేముంది?"

ఏబదియేండ్లు దాటిన పంతులు ఆనాడు శిష్యుడైనాడు. ఆమె చెప్పగా నేర్చినది ఇంతమాత్రమే. గాలి విసరని గది చూడవలెను. నూనెను గోరువెచ్చన చేసి, మొదట తన చేతికి రాచుకొని వేడి చూచికొనవలెను. పొడవైన ఎముకలున్నచోట అరచేయి పొడవునా సాగవలెను; మోకాలు, మోచేయి, భుజము వంటి కీళ్లయొద్ద గుండ్రముగా తిరుగవలెను. వెన్నుపూసపై ఒత్తరాదు, దానికి ఇరుప్రక్కలనున్న కండను మాత్రమే పట్టవలెను. పొట్టపై చేయి గడియారపు ముల్లు తిరిగినట్లు తేలికగా తిరుగవలెను. ముసలివారి చర్మము పలుచన గనుక లాగరాదు. నొప్పిగా నున్నదా అని నడుమనడుమ అడుగవలెను. ముగిసిన పిమ్మట కొంతసేపు విశ్రమింపనిచ్చి, సున్నిపిండితో జిడ్డు వదల్చి వెచ్చని నీళ్లు పోయవలెను. నూనెకాళ్లతో నేలపై నడువనీయరాదు. జ్వరమున్నప్పుడును, భోజనమైన వెంటనేయును ఈ పని తగదు. ఒక పిక్క మాత్రము వాచి నొప్పి పెట్టుచున్నచో అది రక్తము గడ్డకట్టుటచే కావచ్చును. దానిని ముట్టక వైద్యునికి చూపవలెను.

తరువాత శాస్త్రజ్ఞుల వ్రాతలలో ఒక సంగతి చదివితిని. మన చర్మమున మెల్లని, మెత్తని స్పర్శను గ్రహించు ప్రత్యేకమైన నాడీతంతువులున్నవి. సెకనుకు ఒకటి మొదలు పది సెంటీమీటర్ల వరకు సాగు నిమురుటకు, అందును చర్మపు వేడిమిగల చేతికి, అవి మిక్కిలిగా స్పందించును. చేయి త్వరపడినచో ఆ స్పందన తగ్గును. మా అమ్మ ఈ సంగతిని రెండే మాటలలో చెప్పియుండెను: తొందరేముంది?

ఆ రాత్రి మొదలు ప్రతిరాత్రి అరగంట ఆమె కాళ్లు పట్టితిని. మందులిచ్చుటకు వెళ్లిన నాళ్లలో ఆమె "తిన్నావా" అని మాత్రమే అడిగెడిది. పాదములు నా చేతిలోనున్నప్పుడు తన పుట్టింటి గానుగను గూర్చి, పసితనముననే పోయిన నా అక్కను గూర్చి చెప్పినది. నాకొక అక్క యుండెనని అంతకుముందు నేనెరుగను. ఆ యేటి నరకచతుర్దశికి ఆమెను పీటపై కూర్చుండబెట్టి నేనే తలంటితిని. మాడుపై నూనె పెట్టి తట్టునప్పుడు ఏమని దీవింపవలెనో తోచక ఊరకుంటిని.

ఆమె ఇప్పుడు లేదు. తరగతిలో స్నేహమను మాట వచ్చినప్పుడు నేను నవ్వింపను. ఈ కథయే చెప్పుదును. విద్యార్థులారా, రానున్న పండుగనాడు మీకు తలంటుటకు వచ్చిన అమ్మనో, బామ్మనో ఒక్కసారి పీటపై కూర్చుండుమని, ఆ గిన్నె మీరు పుచ్చుకొనుడు. మొదట చేయి సరిగా సాగదు. వారే నేర్పుదురు.