పోలిగాడు ఇచ్చిన చనువు

బడి ఉద్యోగం నుంచి రిటైరై తెనాలి దగ్గర మా ఊరికి వచ్చిన ఏడాది అది. వరి కోతలైపోయి మినుము చేలు పచ్చబడుతున్నాయి. కెమెరా పట్టుకుని గట్టెక్కానో లేదో, కరెంటు తీగ మీది నల్లపిట్ట ఎగిరిపోయింది. మర్నాడూ అంతే. మూడోనాడు చిన్నాన్న చూసి, “అమ్మాయ్, వాడి వెంట పడకు. వాడు వాలే చోట ముందే కూర్చో” అన్నాడు.

వాడు పసులపోలిగాడు. ముక్కు నుంచి చీలిన తోక కొసదాకా కొలిచినా 30 సెంటీమీటర్ల లోపే. గేదె అడుగు వేస్తే గడ్డిలోంచి లేచే మిడతల్ని గాల్లోనే పట్టేస్తాడు. ట్రాక్టరు దున్నుతుంటే దాని వెనకాలే ఉంటాడు. లద్దెపురుగుల్నీ వదలడు. అందుకే చేలో పక్షి స్థావరాలు పెట్టమంటారు. చిన్నాన్న నాలుగు వెదురు కర్రలకు అడ్డకర్రలు కట్టి పాతాడు.

వాటిలో ఒకదానికి ఇరవై అడుగుల దూరంలో, పొద్దుకు వీపు పెట్టి పీట వేసుకున్నాను. రోజూ అదే వేళ, అదే చోటు, భుజాల మీద అదే బూడిదరంగు శాలువా. వారం రోజులు కెమెరా ఒళ్ళోంచి తీయలేదు. ఊరికే చూశాను. గద్ద కనిపిస్తే చాలు, తనకంటే ఎన్నో రెట్లు పెద్దదని కూడా చూడకుండా పైకి లేచి తరిమేవాడు. ఆ ధైర్యం అండ చూసుకునే గువ్వలు, వంగపండు పిట్టలు వాడి గూటికి దగ్గర్లో గూళ్ళు పెట్టుకుంటాయి.

నల్లపిట్టను ఫోటో తీయడం కష్టం. వెనకున్న ఆకాశపు వెలుగును లెక్కలోకి తీసుకుని కెమెరా పిట్టను బొగ్గుముక్క చేసేస్తుంది. అందుకని ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచాను. పురుగు కోసం ఎగిరినా వాడు తిరిగి ఆ కొయ్య మీదికే వస్తాడు కనుక దాని మీదే ఫోకస్ పెట్టి, షట్టర్ సెకనులో 2000వ వంతుకు మార్చి కాచుకున్నాను.

పన్నెండో రోజు పొద్దున మిడతతో వచ్చి వాలాడు. కాలికింద దాన్ని తొక్కిపట్టి, నాకేసి తల తిప్పి చూశాడు. ఎగరలేదు. తీరిగ్గా తినడం మొదలుపెట్టాడు. అప్పుడు నొక్కాను.

వేసవిలో వేపకొమ్మ పంగలో గిన్నెలాంటి గూడు కట్టుకున్నాడు. అంత చనువున్నా అటు వెళ్ళలేదు. మనం గూటి దగ్గర తచ్చాడితే కాకులకు దారి చూపినట్టే. బెదిరిన తల్లిదండ్రులు గుడ్లనే వదిలేసిపోవచ్చు. గూటి ఫోటో నాకొద్దు.

ఆ మిడత ఫోటోను పెద్దగా ప్రింటు తీయించి చిన్నాన్నకిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. నోటి మూల మీద వేలు ఆనించి, “ఇక్కడ తెల్లచుక్క ఉందేమే! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వీణ్ణి చూస్తున్నాను, ఇప్పుడే కనబడింది” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే గట్టు మీద నా పీట పక్కన ఇంకో పీట ఉంది.